ఊతపదం

ఆ రోజు పొద్దుట్నుంచి బొమ్మలక్క ఒక పెళ్లి వీడియోలోంచి పెళ్లికొడుకు తుమ్మును తీసేసే పనిలో ఉంది. బంధువులంతా ఫొటోకు నిలబడ్డారు, మామగారు అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు, సరిగ్గా అప్పుడు తుమ్మాడు ఆ పిల్లాడు. అది చూసి పెళ్లికూతురు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పేసుకుంది. మామగారు స్టూడియోకు స్వయంగా వచ్చి, "తుమ్ము తీసెయ్యండి. నవ్వు మాత్రం ఉంచండి, మా అమ్మాయి బాగా పడింది" అని చెప్పి వెళ్లాడు. తుమ్ము తీసేస్తే ఆ నవ్వు ఎందుకొచ్చిందో చూసేవాళ్లకు అర్థం కాదని ఆమె ఆయనతో వాదించలేదు. ఇలాంటివి చెప్పడం మానేసి చాలాకాలమైంది. ఇంకోచోటి చప్పట్లు తెచ్చి తుమ్ము మీద కప్పింది. పిల్ల నవ్వు గాల్లో వేలాడుతూ ఉండిపోయింది.

బొమ్మలక్క అనేది ఇంట్లోవాళ్ల పిలుపు కాదు. ఇంట్లో ఆమె "అమ్మాయి". నలభై ఆరేళ్లొచ్చి, ముందు వెంట్రుకలు నెరిసి, దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకున్నా అన్నయ్యకూ వదినకూ అమ్మాయే. ముందు గదిలో ఫొటో స్టూడియో, వెనక ఇల్లు, మేడ మీద ఒక గది. స్టూడియో అన్నయ్యది, ఇల్లు వదినది, మేడ మీది గది ఆమెది. ఆ గదిలో ఉన్న కంప్యూటరు మాత్రం మళ్లీ స్టూడియోదే. పెళ్లిళ్ల పని అయిపోయాక దాని మీద ఆమె తన పని చేసుకోవచ్చు. అన్నయ్య పెట్టిన షరతు ఒక్కటే.

"నువ్వేం తీస్తావో నాకనవసరం. మన షాపు పేరు మాత్రం అందులో పడకూడదు."

ఆయన ఆమె సినిమా ఒక్కటీ చూడలేదు. డాక్యుమెంటరీ అంటే ఆయన దృష్టిలో టికెట్టు కొని ఎవరూ చూడని సినిమా. ఆ లెక్కన ఆయన అభిప్రాయం తప్పూ కాదు.

ఆమెకు పని నేర్పింది నాన్న. ఆయన రోజుల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. కింద బల్బు వెలిగే గాజుపలక మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్ మొనతో మొటిమలు, మచ్చలు, కళ్లకింది గుంటలు పూడ్చాలి. చెయ్యి కాస్త బరువైందో, మనిషి మారిపోతాడు. "పోలిక చెడకూడదు, చూసుకున్నవాడు మురిసిపోవాలి" అనేవాడు నాన్న. పదో తరగతి తప్పిన ఏడాది కూతుర్ని తీసుకొచ్చి ఆ పలక ముందు కూర్చోబెట్టాడు. ఆ వేలికొసల నేర్పు ఆమెకు అన్నయ్య కంటే తొందరగా పట్టుబడింది. నాన్న దగ్గర పోలిక తెప్పించడం నేర్చుకున్న మనిషి ఆ తర్వాత ఇరవై ఏళ్లు పోలిక తప్పించడానికే ఖర్చు పెట్టింది.

అది మొదలైంది ఒక దర్జీతో. ఊరి చివర చిన్న గదిలో ఉండేవాడు. ఆడబట్టలు కట్టుకోవాలనే కోరిక ఉన్న మగవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లేవారు. ఆయన కొలతలు తీసుకునేవాడు, కుట్టేవాడు, ఎవరికి అని అడిగేవాడు కాదు. స్టూడియో కెమెరా పట్టుకుని ఆమె ఆయన గదికి నాలుగు నెలలు తిరిగింది. మాట్లాడటానికి ఒప్పుకున్నాక ఆయన అన్నాడు, "చేతులు తీసుకో తల్లీ. మొహం వద్దు. మా అమ్మాయి కాపురం చేసుకుంటోంది."

అప్పటి పద్ధతి ప్రకారం మొహం మసకచేసి చూసింది. నిక్షేపంలాంటి మనిషి పోలీసులు పట్టుకున్న దొంగలా తయారయ్యాడు. రెండ్రోజులు ఆ బొమ్మను చూసి చూసి, చివరికి వీడియోలోంచి ఫ్రేములు ప్రింటు తీసి, పైన పల్చటి కాగితం పరిచి బొగ్గుతో మొహం గీయడం మొదలుపెట్టింది. ముక్కు మార్చింది, దవడ మార్చింది, చూపు మాత్రం ఆయనదే ఉంచింది. ఆ బొమ్మలన్నీ వరసగా కలిపితే తెరమీద ఒక బొగ్గు మనిషి కళ్లార్పుతూ, దారం పళ్లతో తెంపుతూ మాట్లాడాడు. దర్జీ చూసి, "వీడెవడో నాకంటే బాగున్నాడే" అన్నాడు. అదే ఆమె పద్ధతైపోయింది. ఒక్క నిమిషం మాటకు వారం రోజుల బొగ్గు.

రెండో సినిమా బ్యూటీ పార్లర్ నడిపే ట్రాన్స్ మహిళ మీద. అందరూ ఆవిణ్ని పార్లర్ పిన్ని అంటారు. బొమ్మలక్క అనే పేరు పెట్టింది ఆవిడే. ఆవిడకు బొగ్గు పద్ధతి వివరించబోతే విననేలేదు.

"ఏమే, నా మొహం దాచేస్తావా? మరి పొద్దున లేచి గంటసేపు ఈ మేకప్పు ఎవరికోసం వేసుకుంటున్నాననుకున్నావు? తీయ్, దగ్గరగా తీయ్. ఎడంవైపు నుంచి తీయ్, కుడివైపు బుగ్గ కాస్త లావు."

ఆ తర్వాత ఇద్దరు కాలేజీ కుర్రాళ్ల మీద ఒకటి తీసింది, ఆడవాళ్ల హాస్టల్ మీద ఒకటి. కాలేజీ హాళ్లలో వేశారు, ఫ్యాన్ల చప్పుడులో సగం మాటలు పోయాయి. ఒకసారి బొగ్గు బొమ్మల్ని గ్యాలరీలో వేలాడదీశారు. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన బొమ్మ ముందు నిలబడి, "ఎవరిదీ మొహం?" అని అడిగాడు. "ఎవరిదీ కాదండీ" అంది. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. అదేదో కళకు సంబంధించిన మాట అనుకున్నాడు. ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది.

ఇక ఐదో సినిమా, పేరు "వరసలు". దీని వెనకే ఆరేళ్లు గడిచాయి. ఇల్లు అద్దెకు అడగడానికి ఏ ఇద్దరు వెళ్లినా యజమాని ముందడిగేది, మీ ఇద్దరికీ వరసేమవుతుంది అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ బతికేసినవాళ్ల సినిమా అది. బావా బావమరుదులమని చెప్పుకుని పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు మగవాళ్లున్నారు. ఇద్దరికీ అక్కచెల్లెళ్లు లేరు, ఆ లెక్క ఎవరూ చూడలేదు. తోడికోడళ్లమని చెప్పిన ఇద్దరు ఆడవాళ్లున్నారు. మీ ఆయనలెక్కడమ్మా అంటే ఓడలో పనిచేస్తున్నారన్నారు. ఓడ ఇప్పటిదాకా ఒడ్డుకు రాలేదు.

సినిమా చివర నాలుగైదు నిమిషాలు ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. బొగ్గు మొహం, లావుపాటి ముక్కు, పెద్ద కొప్పు. గొంతును మిషన్లో వేసి లావు చేశారు, కాస్త మగగొంతులా ఉంటుంది.

"మాటవరసకి స్నేహితురాలంటాం. మాటవరసకి పిన్ని కూతురంటాం. ఆస్పత్రిలో సంతకం కావాల్సొస్తే, మాటవరసకి అక్కనని రాసేశాను. మాటవరస తప్ప మాకు ఇంకో వరస లేదు."

ఆ ముక్క మీదే సినిమా నిలబడింది. పేరు కూడా దాన్నుంచే వచ్చింది. ఆ ఆడమనిషి ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె చెబుతున్న ఆ రెండో మనిషి, కెమెరా వెనక కూర్చున్న బొమ్మలక్క.

ఇద్దరికీ పరిచయమైంది స్టూడియోలోనే. టీచరు తన క్లాసు గ్రూప్ ఫొటో పట్టుకుని దెబ్బలాటకొచ్చింది. నలభైమంది పిల్లలు కళ్లు తెరుచుకున్నారు, మధ్యలో టీచరు ఒక్కతే కళ్లు మూసుకుంది. "మాటవరసకి అడుగుతున్నానండీ, నా కళ్లు తెరవడానికి వీలవుతుందా?" అంది. నెగటివ్ తీసి, గాజుపలక మీద పెట్టి, రెండు కళ్లూ పెన్సిల్‌తో తెరిచింది బొమ్మలక్క. టీచరు ఫొటోను వెలుతురుకు ఎత్తి చూసుకుంది. "మాటవరసకి అడిగితే నిజంగానే తెరిచేశారే!" అంది. తర్వాతి ఆదివారం, తప్పేమీ లేని ఇంకో ఫొటో పట్టుకుని మళ్లీ వచ్చింది. అది పదిహేనేళ్ల కిందటి మాట.

అప్పట్నుంచి టీచరు ప్రతి ఆదివారం భోజనానికి వస్తుంది. మేనకోడలికి లెక్కలు చెప్పడం సాకు. ఆ పిల్ల లెక్కల్లో ఫస్టు క్లాసులో పాసై వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిపోయింది కూడా. సాకు పోయినా టీచరు రావడం మానలేదు, ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు.

పెళ్లి వీడియోల్లో పెద్దవాళ్లు దీవిస్తూ మాట్లాడే మాటల్లోంచి "అదేంటంటే", "ఏంటంటే మరి" లాంటి ఊతపదాలను ఏరిపారేయడం బొమ్మలక్క రోజువారీ పని. తన సినిమాల్లో మాత్రం వాటి జోలికి పోదు. అవి తీసేస్తే మనిషి మాట్లాడినట్టుండదు, కరపత్రం చదివినట్టుంటుందని ఆమె పట్టుదల. ముక్కు మారుస్తుంది, గొంతు మారుస్తుంది, ఊరి పేరూ వీధి పేరూ తీసేస్తుంది. ఊతపదం ఉంచేస్తుంది. ఇరవై ఏళ్లలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

"వరసలు"ను ఒక టీవీ చానెల్ తీసుకుంది. ఊళ్లో ప్రతి ఇంట్లో వచ్చే చానెల్. యాభై రెండు నిమిషాలకు సరిగ్గా కోసి వచ్చే సోమవారానికి పంపమన్నారు. తుమ్ము పని ముగించుకున్న ఆ మధ్యాహ్నం బొమ్మలక్క హెడ్‌ఫోన్లు పీకి పక్కన పెట్టింది. ఇళ్లలో టీవీల్లో ఎలా వినిపిస్తుందో తెలియాలంటే స్పీకర్లలోనే వినాలి. చివరి భాగం పెట్టింది. మేడ మీద తీగెలకు బట్టలు ఆరేస్తున్న వదిన తలుపులోంచి తొంగిచూసింది.

"టీచర్ గారొచ్చారా? కింద ఆగకుండా సరాసరి పైకొచ్చేశారేంటి?"

బొమ్మలక్క మౌస్ నొక్కి సినిమా ఆపింది.

"పాపం జలుబు చేసిందా ఆవిడకి? గొంతు మగగొంతైపోయింది" అంటూ వదిన తడి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికొచ్చింది. గది నిండా కళ్లు తిప్పి, "ఏరీ?" అంది.

"ఎవరూ రాలేదు వదినా. సినిమా అది."

వదిన తెరవైపు చూసింది. లావుపాటి ముక్కు ఆడమనిషిని చూసి నవ్వింది. "ఎవరే ఈవిడ? అచ్చం మన టీచర్‌లా మాట్లాడుతోంది. ఏదీ, మళ్లీ పెట్టు."

వద్దంటే అదొక జవాబవుతుంది. పెట్టింది. ఈసారి వదిన మాటల ధోరణి వదిలేసి మాటలు వింది. మొదటి వాక్యానికి నవ్వు ఉంది. రెండో వాక్యానికి సగమైంది. ఆస్పత్రి దగ్గరికొచ్చేసరికి పూర్తిగా పోయింది. మూడేళ్ల కిందట కడుపులో గడ్డ తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరింది బొమ్మలక్క. అన్నయ్య ఊళ్లో లేడు, వదిన వెళ్లేసరికి ఆపరేషన్ మొదలైపోయింది. సంతకం ఎవరు పెట్టారో అప్పుడు ఎవరూ ఆరా తీయలేదు.

"మొహం ఆవిడది కాదు" అంది వదిన నెమ్మదిగా. "గొంతూ ఆవిడది కాదు. మనిషి మాత్రం ఆవిడే."

"వదినా..."

"నాకెందుకు చూపించావే ఇది?"

"నేను చూపించలేదు. నువ్వొచ్చావు."

"అయితే నేను రాలేదు. సరేనా? బట్టలారేసుకుని దిగిపోయాను." తువ్వాలు భుజం మీంచి తీసి, తడిగా ఉందన్న సంగతి మరిచిపోయి మడతపెట్టింది. "ఆదివారం ఆవిడొస్తే ఎప్పట్లాగే అన్నం పెడతాను. పెట్టకపోతే మీ అన్నయ్య ఎందుకని అడుగుతాడు. కానీ ఒక్కటి చెప్తాను విను. లెక్కలు రాని నేనే ఇట్టే పోల్చుకున్నానంటే, ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్న ఆడపిల్లల సంగతేంటి? ఇరవై ఏళ్లుగా చదివి వెళ్లిన పిల్లలు. అందరూ పెళ్లిళ్లు చేసుకుని ఈ ఊళ్లోనే ఉన్నారు. సగం పెళ్లిళ్ల వీడియోలు మనమే తీశాం."

మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మీ అన్నయ్య సంగతి వదిలెయ్. ఆయనకు చెవులున్నాయని నాకింకా నమ్మకం కలగలేదు."

సాయంత్రం బొమ్మలక్క టీచరింటికి వెళ్లింది. బడి వెనక సందులో రెండు గదుల వాటా. టీచరు మంచం మీద బాసింపట్టు వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. జరిగింది విని మొదట నమ్మలేదు.

"నేనలా అంటానా?"

"అంటావు."

"ఎప్పుడో ఒకసారి అని ఉంటాను."

"క్లాసులో పిల్లలు లెక్కపెడతారట. మా మేనకోడలు చెప్పేది. పీరియడ్‌కు నలభై దాటితే ఒక జట్టు గెలిచినట్టు, దాటకపోతే ఇంకో జట్టు. నీ పేరే మాటవరస టీచరట."

"ఇన్నేళ్లలో మాటవరసకి కూడా నాకెవరూ చెప్పలేదే!" అంది టీచరు. అన్నాక తనమాట తనకే వినబడి, ఎర్రసిరా పెన్నున్న చేత్తోనే నోరు మూసుకుంది. పెదవి కింద ఎర్రటి గీత పడింది. ఇద్దరూ నవ్వారు.

మళ్లీ రికార్డు చేద్దామన్నది టీచరే. చప్పుడు రాకుండా ఇద్దరూ ఒక దుప్పటి కింద దూరి కూర్చున్నారు, మధ్యలో రికార్డరు. మొదటిసారి మొదటి మాటే అది వచ్చింది. రెండోసారి రెండో వాక్యంలో వచ్చింది. "అనకూడదనుకుంటే నాలుక దాని చుట్టూనే తిరుగుతోందే" అని విసుక్కుంది. చివరికి పరీక్ష పేపరు వెనక రాసుకుని చూసి చదివింది. ఒక్క తప్పు లేకుండా వచ్చింది. విన్నారు. పాఠశాల తనిఖీకి వచ్చిన అధికారి ముందు అప్పజెప్పినట్టుంది.

"ఇది నేను కాదు" అంది టీచరు.

"కాదు" అంది బొమ్మలక్క.

దుప్పటి తీసేశారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"ఉంచెయ్" అంది టీచరు, పేపర్లు మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "పాతదే ఉంచు. అయ్యేదేదో అవుతుంది."

ఆ మాట కోసమే వచ్చానని బొమ్మలక్కకు అది విన్నాక గానీ తెలియలేదు. సంతోషమేసింది. అయినా ఇరవై ఏళ్లుగా మనుషుల్ని ప్రశ్నలడిగిన అలవాటు ఊరుకోనివ్వలేదు.

"మరి హెడ్‌మిస్ట్రెస్ సంగతి?" పెద్ద టీచరమ్మ వేసవిలో రిటైరవుతోంది. ఆ తర్వాత సీనియర్ ఈమే. అడగాలా వద్దా అని ఏడాదిగా నానుస్తోంది.

"అప్లికేషన్ పెట్టాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

"నాతో అనలేదే."

"అంటే నువ్వా ముక్క అప్పుడే తీసేసేదానివి. నాకు తెలియదా నీ సంగతి?" టీచరు ఒక పేపరు మీద సున్నా వేయబోయి, ఆగి, అరమార్కు వేసింది. "నాకు రెండూ కావాలే. ఇరవై రెండేళ్లు చాక్‌పీసు పొడి తిన్నాను, ఆ కుర్చీ నాకు కావాలి. ఆ నాలుగు మాటలూ కావాలి. ఎక్కడో ఒకచోట ఉండాలి గదా అవి."

"రెండూ కుదరవు."

"కుదరవని నాకూ తెలుసు." తలెత్తలేదు. "అందుకే నువ్వు చూసుకో. కత్తెర నీ చేతిలో ఉంది."

బొమ్మలక్క వారమంతా దారులు వెతికింది. ఆ మాటల్ని వేరే గొంతుతో చెప్పిస్తే ఏమని పార్లర్ పిన్నిని అడిగింది. పిన్ని సరేనంది గానీ, చెప్పబోయి తనే ఆపేసింది. "వద్దులేవే. నాకు ఇంట్లో ఎవరున్నారని? నేను చెప్తే నాటకమవుతుంది." తర్వాత ఫోన్లో ఇంకోమాట అంది. "ఇన్నేళ్లూ మా మొహాలు గీశావు గదా. నీ మొహం పెట్టు. నీ గొంతుతో నువ్వే చెప్పు. పీడా పోతుంది."

"నేను కనబడితే నా పక్కనెవరో ఊరందరికీ తెలుసు పిన్నీ. పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం చూస్తున్నారు."

పిన్ని అక్కడ ఎవర్నో ఆగమంది. వెనక హెయిర్ డ్రయ్యర్ చప్పుడు. "అవునే. అందర్నీ దాచీ దాచీ నిన్ను నువ్వే కట్టేసుకున్నావు. నాకు చూడు, దాచడానికేం మిగల్లేదు, హాయిగా ఉంది." ఎవరో పిలిస్తే ఫోను పెట్టేసింది.

ఊతపదం ఒక్కటే కత్తిరించి చూసింది. "స్నేహితురాలంటాం. పిన్ని కూతురంటాం." అద్దెవాటాల గురించి సర్వేకు చెప్పిన సమాధానాల్లా మిగిలాయి. చానెల్‌కు ఇవ్వకుండా ఆపేద్దామా అనుకుంది. బావా బావమరుదుల్లో పెద్దాయన మంచాన పడ్డాడు. టీవీలో ఎప్పుడొస్తుందని రెండో ఆయన వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. అదీ కుదరదు.

ఆదివారం టీచరు మామూలుగానే వచ్చింది. వదిన మామూలు కంటే రెండు మాటలెక్కువ మాట్లాడింది, రెండు గరిటెలెక్కువ వడ్డించింది. అన్నయ్య మామూలుగానే తలొంచుకుని తిన్నాడు. బొమ్మలక్క తొందరగా తినేసి, చానెల్ పనుందని మేడెక్కింది. తలుపు వేసుకుంది. కానీ మెట్లగోడకు ఒక కిటికీ ఉంది. కింద వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, వదిన నవ్వు, వాటి మధ్యలో టీచరు గొంతు పైకి వస్తూనే ఉన్నాయి.

"ఇంత వద్దు వదినగారూ. మాటవరసకి కొంచెం చాలన్నాను గానీ..."

వదిన ఏమందో వినబడలేదు. చప్పుడు చేస్తూ గిన్నె ఒకటి కిందపడింది.

బొమ్మలక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చెవుల్లో లావు చేసిన గొంతు. ఆ ముక్క మొదటి అంచు దగ్గర ఒక గుర్తు, చివరి అంచు దగ్గర ఒక గుర్తు పెట్టి, మధ్యదంతా తీసేసింది. పెళ్లికొడుకు తుమ్ముకు పొద్దంతా పట్టింది, దీనికి అంత పట్టలేదు. బావా బావమరుదులు వీధి తలుపు వేసుకుని లోపలికి వెళ్లే షాట్ దగ్గర సినిమా ముగిసింది. ఆ తర్వాత కాసేపు నల్లతెర. కిందికి దిగేసరికి టీచరు చెప్పులేసుకుంటోంది. ఏం చేశావని అడగలేదు, మొహం చూసింది. "సరే, వస్తాను" అంది. వీధి మలుపుదాకా వెనక్కి తిరగలేదు.

చానెల్లో పనిచేసే ఆవిడ సోమవారం ఫోన్ చేసింది. "ఐదు నిమిషాలు తగ్గిందేంటండీ? పర్లేదులెండి, చివర్లో ఒక డాక్టర్ గార్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. మానసిక నిపుణుడు. బ్యాలన్స్‌డ్‌గా ఉంటుంది."

"డాక్టరెందుకండీ?"

"చూసేవాళ్లకు సందేహాలుంటాయి గదా." ఆవిడ గొంతు మెత్తబడింది. "కానీ ఒక్కమాట చెప్పాలండీ. మీరు బయటి మనిషి అయ్యుండి, వీళ్ల జీవితాల్ని ఇంత దగ్గరగా, ఎక్కడా ఒకవైపు మొగ్గకుండా తీశారంటే... ఆ దూరం మాకు చాలా నచ్చింది."

"థాంక్సండీ" అంది బొమ్మలక్క.

ప్రసారమైన రోజు వదిన టీవీ పెట్టింది. అన్నయ్య ఎప్పుడూ లేనిది వచ్చి కూర్చుని ఆసాంతం చూశాడు. డాక్టరు మాట్లాడటం మొదలుపెట్టగానే లేచాడు.

"బాగానే ఉంది. షాపు పేరు పడలేదు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "చివర్లో ఏదో చెప్పబోయి మానేసినట్టుంది, అంతే" అన్నాడు. వదిన ఆయనవైపు చూసింది, బొమ్మలక్కవైపు చూడలేదు.

పత్రికల్లో రెండు చోట్ల మంచిగా రాశారు. మంచాన పడ్డ పెద్దాయన చూశాడట, తమ వీధి తలుపు తెరమీద ఇంకా బాగుందన్నాడట. బొమ్మలక్కకు ఇంకో చానెల్ నుంచి పని వచ్చింది. అందులోనూ మొహాలు గీయాలి. ఒప్పుకుంది.

జూన్‌లో టీచరుకు హెడ్‌మిస్ట్రెస్ పదవి వచ్చింది. వదిన శాలువా కొని కప్పింది. ఆ బడికి హాస్టల్ కూడా ఉంది కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ కాంపౌండ్ లోపలి క్వార్టర్సులోనే ఉండాలి. సందులోని రెండు గదుల వాటా ఖాళీ చేసింది. అప్లికేషన్ పెట్టేటప్పుడే ఆమెకిది తెలుసో లేదో బొమ్మలక్క అడగలేదు. ఆదివారాలు హాస్టల్ పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులు వస్తారు కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ గేటు దాటి రావడానికి ఉండదు. బయటివాళ్లు లోపలికి వెళ్లే వేళలు గేటు పక్క గోడ మీద పెయింటుతో రాసి ఉన్నాయి: ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు.